కొండ మీది ఊరికి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మినుములూరోడు
సూటిగా అడిగేస్తున్నా. మాది పాడేరు పక్కన. పదేళ్ళ పైనుంచే హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆఫీసులో ఊరి పేరు చెప్తే చాలు, ఫోన్ తీసి వంజంగి మేఘాల ఫోటో చూపించి "ఇదేనా? ఇది వదిలేసి ఇక్కడేం చేస్తున్నావయ్యా" అంటారు. మొన్న కొత్తగా వచ్చిన టీమ్ లీడ్‌తో మాది ఏజెన్సీ అన్నాను. "గ్యాస్ ఏజెన్సీయా?" అన్నాడు. అప్పుడు నవ్వేశా. ఇంటికొచ్చాక కోపం వచ్చింది.

అసలు సంగతి వేరే. నాన్నకి మోకాళ్ళు పోయాయి. రెండెకరాల కాఫీ తోట, సిల్వర్ ఓక్‌ల మీద మిరియాల తీగలు. ఈసారి కోతకి మనుషులు దొరక్క పండు సగం నేల రాలిపోయింది. సంక్రాంతికి వెళ్తే "వస్తావా, ఎవరికైనా అప్పజెప్పెయ్యమంటావా" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు, పెళ్ళి విషయం కూడా అడగలేదు.

నాకు వెళ్ళాలనే ఉంది. ఎందుకని అడిగితే మాత్రం నోట్లోంచి ఒక్క ముక్క రాదు. మా ఆవిడది జి.మాడుగుల, ఇక్కడ నర్సు. ఆమెకి అస్సలు ఇష్టం లేదు. "నీకు ఊరంటే సెలవులు, నాకు ఊరంటే పని" అంది. దానికి జవాబు లేదు నా దగ్గర.

తిరిగి వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి. ఫోటోలు పెట్టొద్దు, దండం.

పొగమంచు77
వావ్, పాడేరా! డిసెంబర్లో వంజంగి వెళ్ళొచ్చాం. స్వర్గం బ్రో. మీరు నిజంగా అదృష్టవంతులు. తోటలో ఒక హోమ్‌స్టే కట్టెయ్యండి, కాసులే కాసులు.

ఘాట్‌రోడ్డు_జీపు
ఇదిగో వచ్చాడు మొదటోడు. ఫోటోలొద్దన్నాడు గాని సలహాలొద్దనలేదు కదా మరి.

ఒరే బావా, ఎల్లిపో. మనూరికి మనం ఎల్డానికి కూడా ఓటింగేటి?

రాజ్మా_రాణి
మీ ఆవిడకి నా తరపున ఒక నమస్కారం చెప్పండి. చింతపల్లి వైపు పుట్టి పెరిగినదాన్ని. పదో తరగతిదాకా పొద్దున్న లేవగానే నా పని ఊట దగ్గరికి వెళ్ళి నీళ్ళు తేవడం. రెండు బిందెలు, ఒకటి నెత్తిన, ఒకటి చంకన. వానాకాలం ఆ దారి ఎర్రమట్టి జారుడుబల్ల. పడితే దెబ్బ సంగతి తర్వాత, ముందు నీళ్ళు పోయాయని ఏడుపు. మా అన్నయ్య ఇప్పటికీ వాట్సాప్‌లో "ఆ ఊటనీళ్ళ రుచి ఎక్కడా రాదు" అని పెడతాడు. రాదు మరి, మోసినవాళ్ళకి తెలుసు.

ఊరంటే నాకూ ప్రాణమే. కానీ మగాళ్ళు "మా ఊరు మా ఊరు" అన్నప్పుడల్లా నాకు ఆ బిందె బరువు గుర్తొస్తుంది.

మినుములూరోడు
@రాజ్మా_రాణి ఈ పోస్టు ఆమెకి చూపించాను. "ఈవిడ నంబర్ అడుగు" అంటోంది.

పాత_మాస్టారు
"ఏజెన్సీ" ఎక్కడిదో చెప్తాను. 1839లో ఇంగ్లీషువాళ్ళు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి మామూలు చట్టాలు కాదని వేరే చట్టం చేశారు. కలెక్టరే గవర్నర్‌కి ఏజెంటు. ఆ ఏజెంటు ఏలుబడిలోది కాబట్టి ఏజెన్సీ. ఇంగ్లీషువాళ్ళు పోయి డెబ్బై ఎనభై ఏళ్ళయినా మాట మాత్రం బస్సు బోర్డుల మీద, పేపర్లలో అలాగే ఉండిపోయింది. మన మాట మన్యం.

నేను కొండవాణ్ణి కాను, శ్రీకాకుళం వాణ్ణి. ఉద్యోగం మొదట్లో ముంచంగిపుట్టు వైపు ఆశ్రమ పాఠశాలకి వేస్తే ఇంట్లో శోకాలు పెట్టారు. ఏడేళ్ళున్నాను. మలేరియా రెండుసార్లు. బదిలీ వచ్చిన రోజు పిల్లలు ఒక గోనెసంచిలో చోళ్ళు (రాగులు), ఒక పనసపండు తెచ్చి జీపులో పెట్టారు. జీపు ఘాట్ దిగి మైదానంలోకి రాగానే ఒక్కసారిగా చొక్కాలోపల చెమట. ఆ ఉక్క ఇప్పటికీ అలవాటు కాలేదు నాకు.

బొంగుచికెన్_వద్దు
మారేడుమిల్లి నుంచి హాజరు. మా బాధ ఏంటంటే ఊరి పేరు చెప్పగానే "బొంగులో చికెన్!" అంటారు. మా ఇంట్లో నెలకోసారి కోడి కోస్తే గొప్ప, అదీ కుండలో.

@మినుములూరోడు నేను తిరిగి వచ్చేశాను. నాలుగేళ్ళయింది. మొదటి ఏడాది నరకం. రెండో ఏడాది సిగ్నల్ ఎక్కడ వస్తుందో తెలిసింది. (చెరువు గట్టు మీద మూడో చింతచెట్టు, దక్షిణం వైపు తిరిగి నిలబడాలి. కూర్చుంటే పోతుంది.)

సంతబేరం
మాదీ అంతే. మా ఊళ్ళో సిగ్నల్ వచ్చే బండ మీద ఎప్పుడూ ముగ్గురు నలుగురు ఉంటారు. ఎవరి సంసారంలో ఏ గొడవో ఊరంతటికీ ఆ బండ మీదే తెలుస్తుంది.

వలిసెపువ్వు
@పొగమంచు77 గారూ, వంజంగిలో తిన్న కప్ నూడిల్స్ డబ్బా ఎక్కడ పడేశారు?

పొగమంచు77
డస్ట్‌బిన్ కనబడలేదండీ...

వలిసెపువ్వు
ఆ "..." ఉంది చూశారూ, అది ఇప్పుడు మా గెడ్డలో, అంటే మా వాగులో ఉంది.

చెప్పకూడదనుకున్నా, చెప్తున్నా. మాది అరకు వైపు. వలిసెలు పూసినప్పుడు కొండవాలంతా పసుపు పూసినట్టుంటుంది, నిజమే. చూడ్డానికి వస్తారు, సంతోషం. చేలోకి దిగి పడుకుని ఫోటోలు. అది నూనెగింజ పంట, పరుపు కాదు. మా మావయ్య చేను చుట్టూ తాడు కట్టి మనిషికి ఇరవై రూపాయలు పెట్టాడు. ఆ ఏడాది గింజల మీద కన్నా తాడు మీద ఎక్కువొచ్చింది. ఆయనకి డబ్బొచ్చినందుకు సంతోషం లేదు, అవమానంగా ఉందన్నాడు. "పండించినదానికి కాదు, తొక్కించుకున్నదానికి ఇచ్చారు" అన్నాడు.

హైదరాబాదీ_లగేజి
డబ్బులంటే గుర్తొచ్చింది. ఒకసారి ఏప్రిల్లో అరకు వస్తుంటే దారిపొడవునా ఆడవాళ్ళు అడ్డంగా కర్ర పెట్టి కారు ఆపి డబ్బులడిగారు. ఆరుచోట్ల ఇచ్చా. ఇదేం పద్ధతండీ?

సంతబేరం
ఇటుకల పండగ బాబూ. చైత్రంలో మగాళ్ళు వేటకి పోతారు, ఆడాళ్ళు దారి కాస్తారు. ఇచ్చేదాన్ని పజోరు అంటారు. పది రూపాయలిచ్చి నవ్వితే పాట కూడా పాడతారు. మీరు నవ్వి ఉండరు.

ఘాట్‌రోడ్డు_జీపు
నేను ఆ వారం రోజులూ చిల్లర డబ్బా పెట్టుకునే ఎక్కుతాను. మా అత్తయ్యే ఆపింది నన్ను ఒకసారి, వదల్లేదు.

పాడేరు_క్వార్టర్స్
నాదొక ప్రశ్న. మా నాన్న పాడేరులో ప్రభుత్వోద్యోగి, ముప్పై ఏళ్ళు అక్కడే. నేను పుట్టింది, చదివింది, మోదకొండమ్మ జాతరలో తప్పిపోయింది, మొదటిసారి సిగరెట్ తాగి పట్టుబడింది అన్నీ అక్కడే. కానీ మేం గిరిజనులం కాము. నాన్న రిటైరైన నెలకి క్వార్టర్ ఖాళీ చేసి అనకాపల్లి వచ్చేశాం. గజం స్థలం కొనుక్కోడానికి లేదు, ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదనే 1/70 చట్టం. నాకు ఇప్పటికీ "మీదే ఊరు" అంటే పాడేరనే వస్తుంది. అది నా ఊరా కాదా?

వలిసెపువ్వు
మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ చట్టం లేకపోతే ఈపాటికి మినుములూరోడి తోట ఎవరిదో అయ్యుండేది, వాళ్ళ నాన్న అందులో కాపలా ఉండేవాడు. 1970కి ముందు అప్పుకాగితం మీద వేలిముద్ర వేయించుకుని భూములు ఎలా పోయాయో మా తాత చెప్పేవాడు. ఉప్పు బాకీకి మెట్ట పోయింది మాకు. ఉప్పు!

పాడేరు_క్వార్టర్స్
చట్టం వద్దని నేనన్లేదే. దాని వల్లే కొండలు కొండల్లా ఉన్నాయని నాకూ తెలుసు. ప్రేమించడానికి పట్టా కావాలా అని మాత్రమే అడిగాను.

పాత_మాస్టారు
ఇద్దరూ ఆగండి. ఒక్క విషయం చేర్చనివ్వండి. 1997లో సమతా అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కొండల గురించే. బొర్రా దగ్గరి ఊళ్ళలో గనుల లీజులు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా భూమిని గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనులకి ఇవ్వకూడదని చెప్పింది. బొర్రా గుహలకి వెళ్ళినవాళ్ళంతా గబ్బిలాలు చూసి వస్తారు. ఆ గుహ పక్క ఊళ్ళ కేసే దేశం మొత్తానికి ఉపయోగపడే తీర్పు తెచ్చిందని గైడ్ చెప్పడు.

సంతబేరం
@పాడేరు_క్వార్టర్స్ జాతరలో తప్పిపోయినోడు ఆ ఊరోడే అన్నా. వేరే ఊరోడైతే దొరికేవాడు కాదు.

బొంగుచికెన్_వద్దు
😂 దీనికి లైకు కొట్టాలని చింతచెట్టు దగ్గరికి వచ్చా.

రాజ్మా_రాణి
అందరూ అందంలోనో చట్టంలోనో ఉన్నారు. డోలీ గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

మా పిన్నికి పురిటినొప్పులొచ్చింది శ్రావణంలో. మా ఊరికి అప్పుడు రోడ్డు లేదు. దుప్పటి రెండు కొసలూ వెదురు బొంగుకి కట్టి అందులో పడుకోబెట్టారు. ముందొకరు, వెనకొకరు, పక్కన ఇద్దరు మార్చుకోడానికి. భుజం మార్చేటప్పుడు ఆగరు. నడుస్తూనే పక్కవాడు బొంగు కింద భుజం దూర్చుతాడు, ముందువాడు తప్పుకుంటాడు. ఆగితే ఊగుతుంది, ఊగితే నొప్పి. నేను వెనకాల గొడుగు పట్టుకుని పరుగు. గొడుగు ఎవరికీ పట్టలేదు, దారికి అడ్డమొచ్చిన కొమ్మలకి తగిలి చిరిగిపోయింది. తొమ్మిది కిలోమీటర్లు. రోడ్డెక్కాక అంబులెన్సు కోసం ఇంకో గంట. పిన్ని బతికింది. బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు ఆ ఊరికి రోడ్డొచ్చింది. ఇంకా రానివి ఉన్నాయి. ఆ నలుగురూ కూలి అడగలేదు, పొద్దున్నే మళ్ళీ పోడుకి పోయారు. ఊరంటే ఎందుకిష్టం అంటే నాకు వాళ్ళే. ఊరంటే ఎందుకు భయమంటే ఆ తొమ్మిది కిలోమీటర్లు. రెండూ ఒకే దారి మీద ఉన్నాయి, ఏం చెయ్యను.

హైదరాబాదీ_లగేజి
పజోరు గురించి అడిగినందుకు సిగ్గుగా ఉంది.

రాజ్మా_రాణి
దానికీ దీనికీ సంబంధం లేదండీ. ఈసారి వచ్చినప్పుడు నవ్వండి చాలు.

మినుములూరోడు
రెండు రోజులు ఏం రాయాలో తెలియక ఊరుకున్నా.

రాణి అక్కది చదివాక ఒకటి గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మాకు ఆ తుఫాను గాలి రాత్రికి తగిలింది. తెల్లారి తోటలోకి వెళ్తే ఆకాశం కనబడింది. కాఫీ తోటలో ఆకాశం కనబడకూడదు, నీడ పోయిందని అర్థం. సిల్వర్ ఓక్‌లు కాఫీ మొక్కల మీద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి, మిరియాల తీగలతో సహా. నాన్న ఇంట్లోకి వెళ్ళి జేబునిండా చింతపిక్కలు పోసుకొచ్చాడు. పడిన చెట్టు దగ్గర ఒక్కో పిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. సాయంత్రం గుమ్మంలో కూర్చుని కుడి జేబు కుమ్మరించి లెక్కపెట్టాడు. అరవై మూడు. అమ్మ అడిగితే "అరవై మూడు" అన్నాడు, ఇంకేం మాట్లాడలేదు. ఆ ఏడాదే నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశా. ఆ చెట్లు మళ్ళీ నాటింది నేను కాదు.

ఘాట్‌రోడ్డు_జీపు
బావా...

కాఫీపండు
ఎమోషన్ పక్కన పెట్టి లెక్క మాట్లాడదామా? నేనూ చిన్న రైతునే, అనంతగిరి. రెండెకరాల మీద మాత్రమే బతకలేవు. ఈ రెండు మూడేళ్ళు ధర బాగుంది, మళ్ళీ ఇలాగే ఉంటుందని రాసివ్వలేం. పండు పండులా అమ్మకు. తొక్క ఒలిచే పల్పర్‌లో తిప్పి, ఒక రాత్రి నాననిచ్చి, జిగురు పోయేదాకా కడిగి, టార్పాలిన్ మీద ఆరబెట్టి, లోపలి పొర ఉన్న గింజగా, అంటే పార్చ్‌మెంట్ చేసి అమ్మితేనే నాలుగు డబ్బులు. మిరియంతో గట్టెక్కుతావు. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ధర చూడు, సంతలో వచ్చే బేరగాడి ధర చూడు, తొందరపడకు.

ఇంకోటి. 2025లో అరకు వైపు కాయతొలుచు పురుగు కనబడింది. పురుగు పట్టిన తోటల్లో కాయంతా దులిపించి, ఉడికించి, పాతిపెట్టించారు. ఇన్నాళ్ళూ మనకి అది లేదని ధైర్యంగా ఉండేవాళ్ళం. పండు సగం నేల రాలిపోయిందన్నావు చూడు, అది వదలకు. పురుగు దాచుకునేది అందులోనే. వెళ్ళినా వెళ్ళకపోయినా ముందు అది ఏరించు.

మినుములూరోడు
ఇది తెలీదు. థాంక్స్ అన్నా. ఇప్పుడే ఫోన్ చేశా, నాన్న "నాకు తెలుసు, వంగలేకపోతున్నా" అన్నాడు.

పొగమంచు77
నిజాయితీగా ఒక ప్రశ్న, తిట్టకండి. మేము రావడం తప్పా? మీ కాఫీ గురించి 2024లో ప్రధాని రేడియోలో చెప్పారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరం గర్వపడ్డాం. రావొద్దంటే బాధగా ఉంది.

వలిసెపువ్వు
తిట్టను. రండి. సంచి తెచ్చుకోండి, తెచ్చింది తీసుకెళ్ళండి. డీజే పెట్టకండి. ఆడవాళ్ళు స్నానం చేసే గెడ్డ దగ్గర డ్రోను ఎగరెయ్యకండి (జరిగింది). పిల్లలకి చాక్లెట్లు విసరకండి, చేతికివ్వండి. సంతలో పసుపు, రాజ్మా కొనేటప్పుడు సగానికి బేరమాడకండి, మీ ఊరి మాల్‌లో ఆడరుగా.

సంతబేరం
నా పేరు మీద మచ్చ వేస్తున్నావు చెల్లీ.

పాత_మాస్టారు
మాడుగుల హల్వా మాత్రం కొనండి ఘాట్ ఎక్కేముందు. అది కొండది కాదు, కొండకింది. అయినా మా బడి పిల్లలకి ఇంటినుంచి వచ్చిన ప్రతిసారీ అదే తెచ్చేవాణ్ణి. లంబసింగి పిల్లాడొకడు పొట్లం చలికి రాయిలా గట్టిపడితే చంకలో పెట్టుకుని మెత్తబడ్డాక తిన్నాడు. ఆ ఊరికి ఇంకో పేరు కొర్రబయలు. బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతావని అర్థం. హల్వాకి కూడా వర్తించింది.

బొంగుచికెన్_వద్దు
చంకలోని హల్వా. మాస్టారూ, ఇక జన్మలో తినలేను.

పాడేరు_క్వార్టర్స్
@మినుములూరోడు మీరు "ఎందుకో చెప్పలేకపోతున్నా" అన్నారు కదా. నేను చెప్పనా? వానాకాలంలో వారం రోజులు బట్టలు ఆరవు, పొయ్యి మీద దండెం కట్టి ఆరబెడతారు. కాలేజీలో విశాఖ చేరాక మొదటి వారం నా చొక్కాలు వాసన చూసి ఎవరో "ఏంట్రా పొగ కంపు" అన్నారు. రూముకెళ్ళి నేనూ వాసన చూశా. కంపే. ఉతకలేదు ఆ చొక్కా చాలా రోజులు.

మినుములూరోడు
మా ఆవిడ ఇది చదివి ఏడ్చింది. నర్సమ్మ ఏడవడం మామూలు విషయం కాదు.

తర్వాత కళ్ళు తుడుచుకుని షరతులు చెప్పింది. గ్యాసు పొయ్యి, ఇంట్లోకి కుళాయి, తలుపున్న బాత్‌రూమ్. తనకి పాడేరులో ఉద్యోగం దొరికాకే వస్తుంది, దొరక్కపోతే నేను ఒక్కణ్ణే ఆర్నెల్లు ఉండి రావాలి. నీళ్ళు నేనే మొయ్యాలి. చివరిది రాణి అక్క నేర్పింది.

రాజ్మా_రాణి
రెండు బిందెలూ.

హైదరాబాదీ_లగేజి
ఉద్యోగాలు అక్కడివాళ్ళకి దొరుకుతాయిగా, రిజర్వేషన్ ఉంది కదా?

సంతబేరం
ఉండేది. టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 ఉండేది. 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మా చెల్లి బీఈడీ చేసి అప్పట్నుంచి ఎదురుచూస్తోంది. పిల్లలతో ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో మాట్లాడగలిగే పంతులమ్మ ఇంట్లో కూర్చుంది, ఆ భాషలు రాని పంతులుగారు బోర్డు మీద రాస్తున్నాడు. మాస్టారూ, మిమ్మల్ని కాదు.

పాత_మాస్టారు
నన్నే అను. మొదటి ఏడాది పిల్లలు ఒంటికి వెళ్ళాలని అడుగుతున్నారో, ఆకలి అంటున్నారో తెలిసేది కాదు నాకు. నాలుగో తరగతి పిల్ల నాకు భాష నేర్పింది. జీతం నాకిచ్చారు.

ఘాట్‌రోడ్డు_జీపు
బావా, ఎప్పుడెల్తావో చెప్పు. చోడవరంలో ఎక్కించుకుంటాను. లగేజి ఎంతున్నా డబ్బుల్లేవు. ఆవిడ గ్యాసు బండకి మాత్రం టికెట్టు.

కాఫీపండు
గ్యాస్ ఏజెన్సీ అన్న టీమ్ లీడ్ నిజమే చెప్పాడన్నమాట చివరికి.

మినుములూరోడు
మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఒక చిన్న సాయం కావాలి. మా పల్పర్‌ది చేత్తో తిప్పే పిడి, మొదలు దగ్గర విరిగింది. నాన్న ఇన్నాళ్ళూ గుడ్డ చుట్టి వెదురుముక్క పెట్టి తిప్పుతున్నాడట, నాతో చెప్పలేదు. నిన్న నేను పట్టుకుంటే అరచెయ్యి చీరుకుపోయింది. వెల్డింగ్ చేయిస్తే నిలుస్తుందా, కొత్త పిడి దొరుకుతుందా? పాడేరులో అడిగితే మిషను మొత్తం మార్చమంటున్నారు.

కాఫీపండు
మార్చకు. వెల్డింగ్ నిలవదు, పోత ఇనుము. పాత పిడి కొలత తీసుకుని లేతు పనివాడి దగ్గర చేయించు, నాది అలాగే చేయించా. లోపలి రాగి రేకు కూడా ఒకసారి చూడు, గుండ్లు అరిగి ఉంటాయి.

ఘాట్‌రోడ్డు_జీపు
ఆగాగు. "నిన్న నేను పట్టుకుంటే" అన్నావు. ఎక్కడున్నావు నువ్వు? ఎవరి జీపులో ఎక్కావు?

మినుములూరోడు
బస్సులో బావా. రాత్రి బస్సు. నీకు చెప్తే ఊరంతా ఎదురొస్తుందని.

ఘాట్‌రోడ్డు_జీపు
ఉండు, వస్తున్నా. తిట్టడానికి.

బొంగుచికెన్_వద్దు
@మినుములూరోడు సిగ్నల్ ఎక్కడ దొరికింది?

మినుములూరోడు
తోట పైన, నాన్న నాటిన ఓక్‌ల చివరి వరస దాటాక. నిలబడే రాస్తున్నా, ఎర్రచీమలు ఎక్కుతు